మన కంప్యూటర్ అడ్రసును మనం వెతుక్కోవడం ఎప్పుడు మొదలైంది?

విండోస్ కంప్యూటర్ ఐపీ అడ్రసు తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాలి. మ్యాక్‌లో అయితే టెర్మినల్‌లో ఇఫ్‌కాన్ఫిగ్ కొట్టాలి, లేదా సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీకి వెళ్లాలి. ఇప్పటి లినక్స్ యంత్రాల్లో చాలాచోట్ల ఇఫ్‌కాన్ఫిగ్ అంటే అలాంటి కమాండే లేదని జవాబొస్తుంది, ఐపీ యాడర్ అనాలి. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి లోపలికి దిగాలి. అడిగేది ఒకటే, అడిగే తీరులు ఇన్ని. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసినవారు ఈ కమాండ్లను ఎక్కాల్లా బట్టీపట్టి ఉంటారు. ఎందుకిన్ని అంటే సాధారణంగా ఒక జవాబు వస్తుంది: కంపెనీకో పంతం, ఎవరి దుకాణం వారిది. అందులో కొంత నిజం ఉంది గాని, చరిత్ర తిరగేస్తే అసలు సంగతి వేరేచోట కనిపిస్తుంది. దానికోసం ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. మన కంప్యూటర్ అడ్రసును మనం వెతుక్కోవలసిన అవసరం అసలు ఎందుకొచ్చింది? తన ఇంటి నంబరు తెలుసుకోవడానికి ఎవరూ రోజూ గడప దాటి గోడ వైపు చూడరు కదా. నా వాదన ఇది: మొదట్లో ఆ నంబరును యంత్రం బాగోగులు చూసే మనిషే చేత్తో రాసేవాడు, కాబట్టి వెతకాల్సిన పని లేదు. రాసే హక్కు క్రమంగా ఆ చేతిలోంచి జారి వేరొకరి దగ్గరికి పోయింది. పోయిన కొద్దీ వెతికే కమాండ్లు పుట్టాయి. ఒక్కో సిస్టమ్‌లోని కమాండు మీద, ఆ హక్కు ఎవరి దగ్గరున్న కాలంలో అది పుట్టిందో ఆ కాలపు ముద్ర ఉంది.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆర్పానెట్ మీద మొదటి సందేశం వెళ్లింది. ఆ నెట్‌వర్క్‌లో పెద్ద కంప్యూటర్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడేవి కావు. ప్రతిచోటా ఐఎంపీ అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఉండేది, సందేశాలు చేరవేసే బాధ్యత దానిది. లాస్ ఏంజెలెస్ ఐఎంపీ నంబరు 1, స్టాన్‌ఫర్డ్ ఇన్‌స్టిట్యూట్‌ది 2. ఏ ఐఎంపీకి, దానిలో ఎన్నో సాకెట్టుకి తీగ కలిపారో అదే ఆ కంప్యూటర్ అడ్రసు. అంటే గదిలోకి వెళ్లి తీగ ఎక్కడ దిగిందో చూస్తే చాలు, నంబరు తెలిసిపోతుంది. ఏ పేరు గల యంత్రానికి ఏ నంబరో చెప్పే జాబితా ఒకటి ఆ స్టాన్‌ఫర్డ్ ఇన్‌స్టిట్యూట్‌లోని సమాచార కేంద్రంలో ఉండేది. ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన ఆ కేంద్రానికి మార్పులు తెలియజేస్తే వాళ్లు ఫైలును సరిచేసేవారు, మిగతావాళ్లు దాన్ని తెచ్చుకుని తమ యంత్రాల్లో పెట్టుకునేవారు. ఊరంతటికీ ఒకే కరణం, ఒకే చిట్టా. ఈనాటికీ ప్రతి విండోస్, మ్యాక్, లినక్స్ యంత్రంలోనూ హోస్ట్స్ అనే ఫైలు ఒకటి మిగిలి ఉంది. అది ఆ చిట్టాకు వారసురాలు.

1981 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ నాలుగో రూపాన్ని నిర్ణయిస్తూ ఆర్‌ఎఫ్‌సీ 791 అనే పత్రం వచ్చింది. ఇంటర్నెట్ నియమాలన్నీ ఇలా వరుస సంఖ్యలున్న పత్రాలుగానే వెలువడతాయి. అడ్రసుకు 32 బిట్లు అన్నారు, అంటే మొత్తం 429 కోట్ల పైచిలుకు సంఖ్యలు. దానికి ముందు సంఖ్య ఉన్న ఆర్‌ఎఫ్‌సీ 790లో జాన్ పోస్టెల్ అప్పటిదాకా కేటాయించిన నెట్‌వర్క్ నంబర్ల జాబితా ప్రకటించాడు. అందులో ప్రతి నంబరు పక్కనా దాని బాధ్యుడి పొడి అక్షరాలు ఉంటాయి. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన వివరం ఇదే. నంబరు వెనక ఒక మనిషి ఉన్నాడు, అతని పేరు కాగితం మీద ఉంది. ఆర్పానెట్‌కు ఇచ్చిన నెట్‌వర్క్ నంబరు 10. ఆ నెట్‌వర్క్‌లోని యంత్రం ఐపీ అడ్రసును ఎవరూ వెతకాల్సిన పనే లేదు, లెక్కగట్టేయవచ్చు: మొదట 10, తర్వాత ఐఎంపీ మీది సాకెట్టు సంఖ్య, తర్వాత సున్నా, చివర ఐఎంపీ సంఖ్య.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. "కంప్యూటర్ అడ్రసు" అని మనం అంటాం గాని ఆ నంబరు ఏనాడూ కంప్యూటర్‌ది కాదు. అది కంప్యూటర్‌కు నెట్‌వర్క్‌తో ఉన్న ఒక సంబంధానిది. ఒకే యంత్రానికి ఒకటికి మించి తీగలు, ఒకటికి మించి అడ్రసులు ఉండవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 791 అప్పుడే ఒప్పుకుంది. యంత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగే నంబరు వేరే ఉంది. డెక్, ఇంటెల్, జెరాక్స్ కంపెనీలు కలిసి 1980లో ప్రకటించిన ఈథర్‌నెట్ ప్రమాణంలోని 48 బిట్ల నంబరు అది, ఫ్యాక్టరీలోనే కార్డు మీద పడుతుంది. మన మాటల్లో చెప్పాలంటే ఈథర్‌నెట్ నంబరు ఇంటిపేరు లాంటిది, ఐపీ అడ్రసు డోర్ నంబరు లాంటిది. ఇంటిపేరు ఏ ఊరికి పోయినా వెంట వస్తుంది. అద్దె ఇల్లు మారితే డోర్ నంబరు మారుతుంది. ఈ రెంటినీ ముడివేయడానికి 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ ఏఆర్‌పీ పద్ధతి రాశాడు: ఫలానా డోర్ నంబరులో ఉన్నదెవరని వీధిలో కేకేస్తే, ఉన్నవాళ్లు ఇంటిపేరుతో పలుకుతారు.

1983 జనవరి 1న ఆర్పానెట్ పాత ప్రోటోకాల్‌ను వదిలి టీసీపీ/ఐపీకి మారింది. ఆ ఏడాదే ఆగస్టులో బర్క్లీ విశ్వవిద్యాలయం తన యూనిక్స్ 4.2బీఎస్‌డీ విడుదల చేసింది. ఇఫ్‌కాన్ఫిగ్ తొలిసారి కనిపించింది అందులోనే. పేరు విప్పి చూడండి: ఇంటర్‌ఫేస్ కాన్ఫిగర్. "చూపించు" అనే మాట అందులో లేదు. ఇంటర్‌ఫేస్‌కు అడ్రసు ఇవ్వడమే దాని మొదటి పని. కమాండు తర్వాత ఇంటర్‌ఫేస్ పేరు, దాని పక్కన అడ్రసు రాస్తే ఆ క్షణం నుంచి ఆ తీగకు ఆ నంబరు. యంత్రం లేచేటప్పుడు నడిచే స్క్రిప్టులో ఈ వరుసను ఒక మనిషి టైపు చేసి పెట్టేవాడు. అడ్రసు రాయకుండా ఇంటర్‌ఫేస్ పేరు మాత్రమే ఇస్తే ఇప్పుడున్న నంబరు చూపేది, కానీ అది రాసింది సరిగ్గా పడిందో లేదో సరిచూసుకునే సౌకర్యం. ఉన్న ఇంటర్‌ఫేస్‌లన్నింటినీ ఒకేసారి చూపే వీలు తర్వాతి కాలంలో చేరింది. ఏ ఇంటర్‌ఫేస్ అని పేరు చెప్పి అడగాలంటే ఆ యంత్రం లోపల ఏ కార్డు ఉందో ముందే తెలిసి ఉండాలి. ఆ కార్డు బిగించినవాడో, దాని పక్కన కూర్చున్నవాడో అడుగుతాడనే నమ్మకంతో చేసిన కమాండు అది. తనకు తెలియని సంగతి తెలుసుకుందామని వచ్చేవాడు దాన్ని తయారుచేసినవారి ఊహలో లేడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. 1983లో యూనిక్స్ యంత్రం ఒకటి ఉంటే దాని మీద పదులకొద్దీ మంది పనిచేసేవారు. వాళ్లలో అడ్రసు రాసింది ఒక్క అడ్మినిస్ట్రేటరే. మిగతావారికి ఆ హక్కు అప్పుడూ లేదు, మరి పోయిందేమిటి? నిజమే, వాడుకరులందరికీ ఉన్న హక్కు కాదు అది. కాకపోతే ఆ యంత్రం వాళ్లది కాదు, సంస్థది. యంత్రం ఎవరిదో నంబరు రాసే చేయి కూడా వారిదే. నెట్‌వర్క్ భాగం పోస్టెల్ దగ్గర నుంచి వచ్చినా, మిగతా అంకెలు ఆ భవనంలోనే, పేరు తెలిసిన ఒక మనిషి చేతిలో నిర్ణయమయ్యేవి. యంత్రం సొంతదారుకూ నంబరు రాసేవారికీ మధ్య దూరం పెరగడమే నేను చెప్తున్న మార్పు. వ్యక్తిగత కంప్యూటర్ ఇంటికొచ్చి సొంతదారు మారిన కాలంలోనే రాసే చేయి కూడా వేరైపోవడం ఈ కథలోని మలుపు.

ఆ దూరం పెరగడానికి మొదటి కారణం ఒక అమాయకమైన ఇబ్బంది. 80ల మొదట్లో డిస్కు లేని వర్క్‌స్టేషన్లు వచ్చాయి. డిస్కు లేదు కాబట్టి నంబరు రాసిపెట్టుకునే చోటే లేదు. కరెంటు వచ్చి లేచేసరికి ఆ యంత్రానికి తన ఇంటిపేరు తెలుసు గాని డోర్ నంబరు తెలియదు. 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏఆర్‌పీని తిరగేసి ఆర్‌ఏఆర్‌పీ అన్నారు: "నా ఇంటిపేరు ఇది, నా డోర్ నంబరు ఎంతో ఎవరైనా చెప్పండి." కంప్యూటర్ తన అడ్రసును తానే అడిగి తెలుసుకోవడం ఇక్కడ మొదలైంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ బూట్‌పీ రాశారు. ఈ రెంటిలోనూ ఏ ఇంటిపేరుకు ఏ నంబరో అడ్మినిస్ట్రేటర్ ముందే పట్టిక రాసి ఉంచాలి. చేయి దూరమైంది గాని చేయి ఉంది. 1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రోమ్స్ పేరుతో వెలువడిన డీహెచ్‌సీపీ ఆ చేతిని కూడా తీసేసింది. సర్వర్ దగ్గర నంబర్ల మూట ఒకటి ఉంటుంది, వచ్చినవాళ్లకు ఖాళీగా ఉన్నదాన్ని గడువు పెట్టి ఇస్తుంది. ఇంగ్లీషులో వాళ్లు దీన్ని లీజు అన్నారు, మనకు అంతకన్నా సరైన మాట ఉంది, కౌలు. అప్పటిదాకా యంత్రం నంబరు పట్టా భూమి, ఇప్పుడది కౌలు భూమి. కౌలు గడువులో సగం గడవగానే యంత్రం సర్వర్‌ను బతిమాలుకోవాలి, ఇంకొంతకాలం ఉండనివ్వమని. జవాబు రాకపోతే గడువు ఎనిమిదింట ఏడు వంతులు అయ్యాక ఏ సర్వర్ పలికినా సరే అని అందరినీ అడగాలి. అప్పటికీ కుదరకపోతే ఖాళీ చేయాలి.

మైక్రోసాఫ్ట్ కమాండ్లు ఈ కౌలు కాలంలో పుట్టాయి, వాటి నిర్మాణంలోనే అది కనిపిస్తుంది. ఐపీకాన్ఫిగ్‌తో కొత్త అడ్రసు రాయలేం. దానికి తెలిసిన ముఖ్యమైన క్రియలు రెండు: రిలీజ్, రెన్యూ. ఒకటి కౌలు వదులుకోవడం, రెండోది పొడిగించమని అడగడం. పేరులో కాన్ఫిగ్ అనే మాట యూనిక్స్ నుంచి వారసత్వంగా వచ్చింది గాని ఆ పని రాలేదు. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95లో విన్‌ఐపీసీఎఫ్‌జీ అనే చిన్న కిటికీ ఉండేది. అందులోనూ అడ్రసు చూపించి కింద అవే రెండు బటన్లు పెట్టారు. ఒకే కంపెనీ ఒకే దశాబ్దంలో ఆఫీసుల కోసం చేసిన విండోస్ ఎన్‌టీలో నల్ల తెర మీది కమాండు పెట్టి, ఇళ్లకు పంపిన 95లో కిటికీ పెట్టింది. 2001లో ఎక్స్‌పీ వచ్చి ఇళ్లవాళ్లనీ ఆఫీసులవాళ్లనీ ఎన్‌టీ పునాది మీదికే చేర్చినప్పుడు విన్‌ఐపీసీఎఫ్‌జీ కనుమరుగైంది, ఐపీకాన్ఫిగ్ మిగిలింది. తేడా కంపెనీల మధ్యే కాదు, ఒకే కంపెనీ లోపల కూడా ఉందన్నమాట. అడిగేది ఎవరు అన్న ఊహ మారినప్పుడల్లా కమాండు మారింది.

యాపిల్ దారి ఇంకా ఆసక్తికరం. 1985లో వచ్చిన యాపిల్‌టాక్ అనే నెట్‌వర్క్ పద్ధతిలో యంత్రానికి నంబరు మనిషీ రాయడు, సర్వరూ ఇవ్వదు. మ్యాకింటోష్ తానే ఒక నంబరు ఎంచుకుని, "ఇది ఎవరి దగ్గరైనా ఉందా?" అని తీగ మీద కేకేస్తుంది. ఎవరూ పలకకపోతే దాన్ని తీసుకుంటుంది. పోయినసారి వాడిన నంబరును గుర్తుంచుకుని ముందు దాన్నే ప్రయత్నిస్తుంది. మనిషికి కనిపించేది పేర్లే, నంబరు తెలుసుకోవలసిన అవసరమే రాదు. తర్వాత టీసీపీ/ఐపీ కోసం యాపిల్ మ్యాక్‌టీసీపీ అనే కంట్రోల్ ప్యానెల్ ఇచ్చింది. అడ్రసు ఎక్కడినుంచి తీసుకోవాలని అది మూడు దారులు అడిగేది: చేత్తో రాస్తారా, సర్వర్ ఇస్తుందా, యంత్రమే ఎంచుకుంటుందా? నేను ఇంతసేపు చెప్తున్న చరిత్ర అంతా ఆ మూడు బటన్ల మధ్య ఉంది. 2001 మార్చిలో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ బీఎస్‌డీ వంశంలోది, కాబట్టి ఇఫ్‌కాన్ఫిగ్ దానితోపాటు వచ్చింది. చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మ్యాక్‌లో ఐపీకాన్ఫిగ్ అనే కమాండు కూడా ఉంది. విండోస్‌లోని దానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. సర్వర్ ఇచ్చిన కౌలు పత్రాన్ని ఉన్నదున్నట్టు చూపమన్నా అది చూపుతుంది. రాసే కాలం కమాండూ అడిగే కాలం కమాండూ ఒకే యంత్రంలో పక్కపక్కన కాపురం ఉంటున్నాయి.

కంపెనీల పంతమే కారణమనేవారికి లినక్స్ గట్టి జవాబు. లినక్స్‌కు యజమాని కంపెనీ లేదు, పోటీదారును ఇబ్బంది పెట్టాలన్న కోరికా లేదు. అయినా అది తన చేతిలో ఉన్న ఇఫ్‌కాన్ఫిగ్‌ను వదులుకుంది. 1999 జనవరిలో వచ్చిన 2.2 కెర్నల్ కోసం అలెక్సీ కుజ్నెత్సోవ్ నెట్‌వర్క్ భాగాన్ని తిరగరాసి, ఐపీ అనే కొత్త కమాండు ఉన్న ఐప్రూట్2 ఇచ్చాడు. ఒక ఇంటర్‌ఫేస్‌కు ఒకే అడ్రసు అన్న లెక్కలో పుట్టిన పాత కమాండుకు, ఒకే తీగ మీద నాలుగైదు అడ్రసులుండే కొత్త కాలం అందలేదు. కొత్త పద్ధతిలో చేర్చిన రెండో అడ్రసు ఇఫ్‌కాన్ఫిగ్‌కు కనిపించకపోవచ్చు. అబద్ధం చెప్పదు, సగం నిజం చెప్తుంది. 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే యంత్రాల్లో ఇఫ్‌కాన్ఫిగ్ దానంతటదే రావడం ఆగింది. ఇప్పటి ఐపీ యాడర్ చూపే ఫలితాన్ని జాగ్రత్తగా చదివితే ప్రతి అడ్రసు కిందా గడువు ఉంటుంది, ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయో అంకెల్లో. చేత్తో రాసిన అడ్రసైతే అక్కడ "ఫరెవర్" అని ఉంటుంది. కౌలా పట్టానా అన్న తేడాను తెర మీద అచ్చంగా రాసి చూపే కమాండు ఇది. మిగతావి చూపనంత స్పష్టంగా చూపుతుంది కాబట్టి నేను దానికే మొగ్గుతాను.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అంటే మనం వచ్చేసరికి పట్టాల కాలం దాటిపోయింది. ఆ సంస్థ ఇచ్చిన ఖాతాల్లో రెండు రకాలుండేవి. షెల్ ఖాతా తీసుకున్నవారి కంప్యూటర్‌కు ఐపీ అడ్రసే లేదు. మోడెమ్ ద్వారా నిగమ్ వారి యూనిక్స్ యంత్రానికి టెర్మినల్‌గా మారిపోయి, ఆ యంత్రం అడ్రసు నీడలో మెయిల్ చదువుకునేవారు. టీసీపీ/ఐపీ ఖాతా ఉన్నవారికి ఫోన్ కలిసినప్పుడు ఒక నంబరు దక్కేది, ఫోన్ పెట్టేయగానే పోయేది. నా కంప్యూటర్ అడ్రసు ఎంత అని ఆ రోజు ఒక భారతీయుడు అడిగితే మొదటి ఖాతాలో జవాబు "లేదు", రెండో ఖాతాలో "ఈ ఫోన్ ఉన్నంతసేపు ఇది". చేత్తో నంబరు రాసుకున్న తరం అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉంది. మన ఇళ్లలో అలాంటి తరం దాదాపు లేదు. మన దగ్గర ఈ కమాండ్లు చూసే మంత్రాలుగానే ప్రచారం కావడానికి ఇదొక కారణమని నేను అనుకుంటాను.

ఇంతలో నంబర్లే కరువయ్యాయి. 1994 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 1597 మూడు శ్రేణుల నంబర్లను పక్కనపెట్టి, ఇవి ఎవరైనా తమ ఇంటి లోపల వాడుకోవచ్చు, బయట మాత్రం చెల్లవు అన్నది. వాటిలో పెద్దది 10వ నెట్‌వర్క్. 1990లో ఆర్పానెట్ మూతపడ్డాక ఖాళీగా ఉన్న నంబరే అది. ఆ 1994లోనే మే నెలలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ నాట్ పద్ధతి రాశారు: లోపలి నంబరును గుమ్మం దగ్గర మార్చి, ఇంట్లో ఎంతమంది ఉన్నా వీధిలోకి తక్కువ నంబర్లతో పంపడం. తాత్కాలికంగా పనికొస్తుందనే వాళ్లు చెప్పారు. జూలైలో నలుగురు ఇంజనీర్లు ఆర్‌ఎఫ్‌సీ 1627 రాసి 10వ నెట్‌వర్క్‌ను ఇలా వాడటం హానికరమన్నారు. అడ్రసు అంటే ప్రపంచమంతటా ఒక్కరికే చెందాలన్న మూలసూత్రం దెబ్బతింటుందన్నది వారి బాధ. ఆ నలుగురిలో ముందున్న ఎలియట్ లియర్, 1996 ఫిబ్రవరిలో అదే ఏర్పాటును స్థిరపరచిన ఆర్‌ఎఫ్‌సీ 1918 రచయితల్లో ఒకడయ్యాడు. ఓడిపోయాడని నేను అనను. కరువులో గంజి కేంద్రం వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి మూటలు పంచడం అయిపోయింది. 2012 ఏప్రిల్‌లో టెలికాం కంపెనీలు తమ స్థాయిలో కూడా నాట్ పెట్టుకోవడానికి 100.64 దగ్గర మొదలయ్యే శ్రేణిలోని సుమారు 42 లక్షల నంబర్లు విడిగా కేటాయించారు. ఇప్పుడు మన ఐపీకాన్ఫిగ్ చూపే 192.168 నంబరు ఇంటి రూటర్ ఇచ్చిన కౌలు, ఆ రూటర్‌ది కూడా తరచూ కంపెనీ ఇచ్చిన లోపలి నంబరే, వీధిలో కనిపించేది మూడోది. ఆ మూడోదాన్ని మన యంత్రంలోని ఏ కమాండూ చూపలేదు, ఎందుకంటే యంత్రానికే అది తెలియదు. బయట ఉన్నవారిని, నేను మీకు ఎవరిలా కనిపిస్తున్నానని అడగాలి. ఆ అడగడానికి కూడా 2003లో స్టన్ అనే ప్రోటోకాల్ రాయవలసి వచ్చింది.

ఇదంతా నష్టంగా చెప్తున్నానని ఎవరైనా అనవచ్చు. డీహెచ్‌సీపీ లేకపోతే ఆఫీసులో ఐదువందల యంత్రాలకు చేత్తో నంబర్లు రాయాలి. రెండింటికి ఒకే నంబరు పడితే రెండూ ఆగిపోవచ్చు. ఫోన్ పట్టుకుని ఇంటి నుంచి రైల్వే స్టేషన్‌కు, అక్కడి నుంచి కాలేజీకి వెళ్లే మనిషి ప్రతిచోటా నంబరు రాసుకుంటాడా? ఈ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. రాసే పని పోవడం ఉపశమనమే, దాన్ని వెనక్కి తెమ్మని అనడం లేదు. కానీ పనితోపాటు తెలివిడి కూడా పోయింది. నంబరు ఎవరిచ్చారో, ఎంతకాలానికిచ్చారో, ఏ గోడ వరకు చెల్లుతుందో తెలియకుండా నంబరు మాత్రమే చూసి ఊరుకుంటున్నాం. దాని ఫలితం చిన్నది కాదు. కంపెనీ స్థాయి నాట్ వెనక ఒకే అడ్రసును ఒకే క్షణంలో ఎంతోమంది పంచుకుంటారు. అందుకే సర్వర్లు అడ్రసుతోపాటు పోర్టు నంబరు కూడా రాసిపెట్టుకోవాలని 2011 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6302 సూచించింది. ఐపీ అడ్రసు దొరికింది కాబట్టి మనిషి దొరికినట్టే అనుకునే పోలీసు, పత్రికా భాష ఈ సంగతిని ఇంకా అందుకోవాలి.

ఐపీవీ6 వస్తే పట్టాలు తిరిగి వస్తాయని మరికొందరి ఆశ. 1995 డిసెంబరులో ప్రకటించిన ఆ ప్రోటోకాల్‌లో అడ్రసుకు 128 బిట్లు, కరువన్న మాటే లేదు. మన దేశంలో ఫోన్లు వాడేవారిలో చాలామందికి ఇప్పటికే ఆ అడ్రసు ఉంది, ఐపీవీ6 వాడకంలో భారతదేశం ప్రపంచంలో ముందువరుసలో ఉంది. ఆ ఆశ సగం నిజం, అక్షరాలా సగం. ముందు 64 బిట్లు సర్వీసు కంపెనీ ఇస్తుంది. వెనక 64 బిట్లను సాధారణంగా యంత్రమే రాసుకుంటుంది, పాత యాపిల్‌టాక్ లాగే వీధిలో కేకేసి మరీ. మొదట్లో ఆ సగాన్ని ఈథర్‌నెట్ నంబరు నుంచి తయారుచేసేవారు. అంటే డోర్ నంబరులో ఇంటిపేరు చెక్కినట్టయింది, మనిషి ఏ ఊరు పోయినా గుర్తుపట్టేయవచ్చు. ఆ ప్రమాదం చూసి 2001 జనవరిలో తాత్కాలిక అడ్రసుల పద్ధతి తెచ్చారు. దాని ప్రకారం యంత్రం రోజుకో కొత్త సగాన్ని పుట్టించుకుని, పాతదాన్ని వారం దాకా ఉంచి వదిలేస్తుంది. అందుకే ఇప్పుడు ఐపీకాన్ఫిగ్ కొడితే ఒకే కార్డు కింద మూడు నాలుగు పొడుగు నంబర్లు బారులు తీరి కనిపిస్తాయి. రాసే హక్కు సగం యంత్రానికి తిరిగొచ్చింది, మనిషికి రాలేదు. యంత్రం రాసుకున్నదాన్ని చూడటానికి మనకు కమాండు అలాగే కావాలి.

కంప్యూటర్ ల్యాబుల్లో ఈ కమాండ్లు నేర్పే అధ్యాపకులకు ఒక విన్నపం. నంబరు చూపించి అక్కడితో ఆపకండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ పక్కన స్లాష్ పెట్టి ఆల్ అని చేర్చి కొట్టించండి. అడ్రసు ఇచ్చిన డీహెచ్‌సీపీ సర్వర్ ఎవరో, కౌలు ఏ రోజు ఏ గంటకు మొదలైందో, ఏ గంటకు ముగుస్తుందో అన్న మూడు వరుసలూ అదే తెర మీద ఉంటాయి.